అద్దె ఇంట మూడవ మనిషి

జూన్ నెల వచ్చిందంటే హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట వీధులలోనూ, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి వంటి విద్యాకేంద్రాలలోనూ గేట్లకు టు-లెట్ బోర్డులు వేలాడతాయి. జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులు, తొలి ఉద్యోగంలో చేరిన యువకులు సంచులు భుజాన వేసుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. తెలంగాణలో దీనిని కిరాయి అంటారు, కోస్తాలో అద్దె అంటారు. మాట వేరైనా గేటు దగ్గర ఇంటివారు అడిగే తొలి ప్రశ్న మాత్రం ఒక్కటే: “ఎందరుంటారు?”

ఈ ప్రశ్నలో అనుచితమైనదేమీ లేదు. మేడమీద నీళ్ల ట్యాంకు ఒక కుటుంబానికి సరిపడేంతే ఉంటుంది. వేసవిలో బోరు ఎండినప్పుడు ట్యాంకరు తెప్పించి డబ్బు చెల్లించవలసినవాడు యజమాని. మోటారు కరెంటు బిల్లు, మరుగుదొడ్డి తొట్టి, మెట్లమీద రాకపోకలు, రాత్రి గేటు తాళం, ఇవన్నీ మనుషుల సంఖ్యను బట్టి మారేవే. అద్దె మాత్రం ముందు చెప్పిన సంఖ్యను బట్టి నిర్ణయమై ఉంటుంది. ఉద్యోగ విరమణ చేసినవారిలో ఎందరికో ఆ పై పోర్షను అద్దెయే ప్రధానమైన ఆదాయం. కాబట్టి ఇద్దరికని ఇచ్చిన గదులలో ఐదుగురున్నారని తెలిసినప్పుడు యజమానికి కలిగే కలవరాన్ని కేవలం లోభమని కొట్టివేయడం న్యాయం కాదు.

ఒక సందర్భాన్ని ఊహించి చూడవచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని తన మేడమీది రెండు గదుల పోర్షనును నెలకు 12,000 రూపాయలకు ఇద్దరు విద్యార్థులకు ఇచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, రెండు నెలల అడ్వాన్సు, ఇద్దరి ఆధార్ కార్డుల నకళ్లు, అన్నీ సక్రమంగానే జరిగాయి. మూడు నెలలు గడిచాక గుమ్మం ముందు ఐదు జతల చెప్పులు కనిపించసాగాయి. మధ్యాహ్నం దాకా వచ్చే నీళ్లు ఉదయం తొమ్మిదింటికే అయిపోతున్నాయి. దండెం మీద ఆమె ఎన్నడూ చూడని చొక్కాలు ఆరుతున్నాయి. “బాబూ, పైన ఎవరైనా చుట్టాలొచ్చారా?” అని అడిగితే “మా ఫ్రెండ్స్ ఆంటీ, పరీక్షలని వచ్చారు, వెళ్లిపోతారు” అన్నాడు పెద్దవాడు. పరీక్షలు అయిపోయాయి గాని చెప్పుల జతలు తగ్గలేదు.

పైన నిజంగా ఏమి జరుగుతూ ఉండవచ్చు? ఒకడు తమ్ముడై ఉండవచ్చు; కోచింగ్ కోసం వచ్చి అన్న దగ్గర తలదాచుకొని ఉండవచ్చు. మరొకడు హాస్టలు ఫీజు కట్టలేక బయటపడ్డ స్నేహితుడు కావచ్చు. అతని దగ్గర వీరు దమ్మిడీ తీసుకోకపోవచ్చు. ఐదుగురూ కలిసి అద్దెను పంచుకొంటూ ఉండవచ్చు. అప్పుడు ఒక్కొక్కరికి 2,400 రూపాయలు పడుతుంది. ఇంకొక అవకాశం కూడా ఉంది. ఒప్పందంలో సంతకం చేసిన ఇద్దరూ, తరువాత వచ్చిన ముగ్గురి దగ్గర తలకు 4,000 చొప్పున వసూలు చేస్తూ ఉండవచ్చు. ఆ లెక్కన యజమానురాలికి చేరవలసిన 12,000 ఆ ముగ్గురి నుంచే వస్తుంది; సంతకం చేసినవారు ఉచితంగా ఉంటారు. క్రింద నుంచి చూసే ఆమెకు ఈ నాలుగూ ఒకే విధంగా కనిపిస్తాయి, ఐదు జతల చెప్పులుగానే. చట్టానికి మాత్రం ఇవి నాలుగు వేర్వేరు విషయాలు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలా ఇళ్లలో మాట పెరిగి పోలీసు స్టేషను దాకా పోతున్నది.

అద్దెకున్న ఇంటికి అతిథి రాకూడదని ఏ చట్టమూ చెప్పదు. తల్లిదండ్రులు, తోబుట్టువులు వచ్చి ఉండడం కూడా ఉప అద్దె కాదు. అద్దెదారు తన కుమారులకు వ్యాపారం అప్పగించి తాను తప్పుకొన్నంత మాత్రాన దుకాణపు స్వాధీనాన్ని వదలుకొన్నట్లు కాదనీ, దానిపై చట్టబద్ధమైన అధికారం అతని వద్దనే ఉన్నంతకాలం అది ఇతరులకు ఇచ్చివేసినట్లు కాదనీ 1988లో సుప్రీంకోర్టు జగన్నాథ్, చందర్ భాన్‌ల మధ్య నడిచిన ఢిల్లీ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. ఉప అద్దె అనిపించుకోవడానికి న్యాయస్థానాలు సాధారణంగా రెండు అంశాలను చూస్తాయి. ఒకటి, అద్దెదారు ఆ ఇంటినిగాని అందులో ఒక భాగాన్నిగాని పూర్తిగా మరొకరి స్వాధీనం చేశాడా? రెండు, దానికి ప్రతిఫలం తీసుకొంటున్నాడా?

స్వాధీనమనే మాటను ఇక్కడ జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఒక గదిలో మంచం వేసుకొని పడుకోవడం స్వాధీనం కాదు. ఆ గదికి తాళం ఎవరిది, అద్దెదారును కూడా లోపలికి రావద్దని చెప్పగల హక్కు ఎవరికి ఉంది అన్నదే పరీక్ష. లాడ్జీలో గది తీసుకొన్నవాడికి గది ఉంటుంది గాని ఇల్లు ఉండదు. అతనిది అనుమతి మాత్రమే. అద్దె హక్కుకూ ఇటువంటి అనుమతికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న 1959లోనే అసోసియేటెడ్ హోటల్స్ ఆఫ్ ఇండియా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పత్రానికి పెట్టిన పేరు కంటే, ఉభయుల ఉద్దేశమూ స్వాధీనపు స్వభావమూ ముఖ్యమని ఆనాడు న్యాయస్థానం భావించింది. అందువల్ల ఒకే గదిలో ఐదుగురు కలిసి పడుకొని, తాళం అసలు అద్దెదారు చేతిలోనే ఉన్న సందర్భంలో, డబ్బు చేతులు మారినా అది ఉప అద్దె అని ఋజువు చేయడం అంత సులభం కాదు. రెండు గదులలో ఒకదానిని వేరే తాళంతో వేరొకరికి వదిలిపెడితే విషయం మారిపోతుంది.

అయితే ఋజువు భారం మొత్తం యజమాని నెత్తిన ఉంటే ఆమె నెగ్గుకురావడమెట్లా? డబ్బు చేతులు మారడాన్ని ఆమె ఎన్నడూ చూడబోదు. ఉప అద్దె ఒప్పందాలు సహజంగా చాటుగానే జరుగుతాయి; రశీదులుండవు. ఈ ఇబ్బందిని న్యాయస్థానాలు గుర్తించాయి. 1998లో భారత్ సేల్స్ సంస్థకూ భారతీయ జీవిత బీమా సంస్థకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో, యజమానికి తెలియకుండా జరిగే ఇటువంటి ఏర్పాటులో ప్రతిఫలానికి ప్రత్యక్ష సాక్ష్యం దొరకడం కష్టమనీ, బయటివారి చేతిలో స్వాధీనం ఉన్నదని తేలితే మిగిలినదానిని పరిస్థితుల నుంచి ఊహించవచ్చుననీ సుప్రీంకోర్టు పేర్కొన్నది. అనగా యజమాని చూపవలసినది బయటివ్యక్తి స్వాధీనంలో ఉన్నాడన్న సంగతి. ఆ తరువాత అతడెందుకు ఉన్నాడో చెప్పుకోవలసిన బాధ్యత అద్దెదారుపై పడుతుంది.

ఇక ఉప అద్దెకివ్వడం అసలు తప్పేనా అన్న ప్రశ్నకు మన చట్టాలు రెండు విధాలుగా సమాధానం చెబుతాయి. ఇది చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ విభాగం ప్రకారం, వేరే ఒడంబడిక లేకపోతే, అద్దెదారు తన హక్కును పూర్తిగాగాని కొంత భాగాన్నిగాని మరొకరికి ఉప అద్దెకు ఇవ్వవచ్చు. అట్లా ఇచ్చినంత మాత్రాన యజమాని పట్ల అతని బాధ్యతలు తీరిపోవు. కాని ఇవ్వడం మాత్రం నేరం కాదు. భూములను, భవనాలను వ్యాపార వస్తువులుగా చూసిన కాలపు చట్టమది.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ దృష్టిని మార్చింది. యుద్ధకాలంలో పట్టణాలలో ఇళ్ల కరువు ఏర్పడి, అద్దెలు విపరీతంగా పెరిగాయి. ప్రభుత్వాలు అద్దెలకు కళ్లెం వేశాయి. కారణం లేకుండా ఖాళీ చేయించరాదని అద్దెదారుకు రక్షణ కల్పించాయి. అద్దె నిలకడగా ఉండి బజారు ధర పెరుగుతున్నప్పుడు, తక్కువకు తీసుకొని ఎక్కువకు ఇచ్చే బేరం లాభసాటి అవుతుంది. నివసించేవాడి కోసం పుట్టిన రక్షణ మధ్యవర్తి చేతిలో పెట్టుబడిగా మారే ప్రమాదం ఏర్పడింది. అందుకే అద్దె నియంత్రణ చట్టాలు ఒక చేత్తో అద్దెదారును కాపాడుతూ, రెండవ చేత్తో ఉప అద్దెను నిషేధించాయి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల లీజు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టం 10వ విభాగంలో దీని ఆనవాలు స్పష్టంగా కనిపిస్తుంది. ఆంధ్ర ప్రాంతంలో 1945 అక్టోబరు 23 తరువాత, తెలంగాణ ప్రాంతంలో 1353 ఫసలీ నాటి హైదరాబాదు ఇంటి అద్దె నియంత్రణ ఉత్తర్వు అమలులోకి వచ్చిన తరువాత, ఒప్పందంలో అటువంటి హక్కు లేకుండా, యజమాని లిఖితపూర్వకమైన సమ్మతి లేకుండా ఉప అద్దెకిచ్చినవానిని ఖాళీ చేయించవచ్చునని ఆ విభాగం చెబుతుంది. 1353 ఫసలీ అంటే మన లెక్కలో 1943-44. ఒకే రాష్ట్రపు చట్టంలో రెండు ప్రాంతాలకు రెండు తేదీలు, రెండు శకాలు ఉండడం తెలుగునేల చరిత్రకు ఒక చిన్న గుర్తు. అదే విభాగంలో, తోటి నివాసులకు ఉపద్రవంగా ప్రవర్తించడం కూడా ఖాళీ చేయించడానికి వేరొక కారణంగా ఉన్నది. ఉప అద్దె ఋజువు కాకపోయినా, రాత్రింబవళ్లు గోల చేసే పదిమందిని భరించవలసిన అవసరం లేదన్నమాట.

రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ 2017లో నివాస, నివాసేతర స్థలాల అద్దెలకు వేరుగా చట్టం చేసుకొన్నది. తెలంగాణలో 1960 నాటి చట్టమే కొనసాగుతున్నది. అయితే దాని పరిధి చాలా కుంచించుకుపోయింది. 2005 నాటి సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు, ఇతర ప్రాంతాలలో 2,000 రూపాయలకు మించిన అద్దె గల భవనాలు ఆ చట్టం కిందికి రావు. నేటి హైదరాబాదులో ఒక చిన్న పోర్షను అద్దె కూడా ఆ హద్దును దాటిపోతుంది. కనుక మనం ఊహించిన 12,000 రూపాయల మేడగది వ్యవహారం తిరిగి 1882 చట్టం చేతికే వెళుతుంది. ఆ చట్టం ఏమంటుందో ఇంతకుముందే చూశాం: వేరే ఒడంబడిక లేకపోతే ఇవ్వవచ్చు. అనగా ఆ ఉపాధ్యాయిని పక్షాన నిలిచేది గాని నిలవనిది గాని ఆమె డ్రాయరులోని స్టాంపు కాగితమే.

స్టాంపు పత్రాల దుకాణంలో దొరికే నమూనాను నింపి సంతకాలు చేసేవారు ఎక్కువ. ఆ నమూనాలో ఏమున్నదో చదివేవారు తక్కువ. ‘ఉప అద్దెకు ఇవ్వరాదు’ అన్న వాక్యం ఒక్కటే ఉంటే సరిపోదు. ఆ షరతును మీరినపుడు ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకొనే హక్కు యజమానికి ఉంటుందని కూడా రాసుకోవాలి. ఆ రెండవ వాక్యం ఉన్నప్పుడే, గడువు తీరకముందే లిఖితపూర్వకమైన నోటీసుతో లీజును రద్దు చేయడానికి 111వ విభాగం దారి ఇస్తుంది. గడువు లేని నెలవారీ అద్దె అయితే 106వ విభాగం ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. ఇంట్లో నివసించేవారి పేర్లు, గరిష్ఠ సంఖ్య, అతిథులు వరుసగా ఎన్ని రోజులుండవచ్చునో కూడా రాసుకొంటే, చెప్పులు లెక్కపెట్టుకొనే అవస్థ చాలావరకు తప్పుతుంది.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా ఈ దారినే సూచిస్తున్నది. అది రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలవుతుంది. దాని ప్రకారం అసలు ఒప్పందానికి అనుబంధ ఒప్పందం రాసుకోకుండా ఉప అద్దెకు ఇవ్వరాదు. రాసుకొన్న రెండు నెలలలోగా ఉభయులూ కలిసి అద్దె అధికారికి తెలియజేయాలి. ఇంటిని చూడడానికి యజమాని రావాలన్నా ఇరవైనాలుగు గంటల ముందు తెలియజేయాలన్న నియమం అందులో ఉన్నది. అద్దెకిచ్చిన ఇల్లు యజమాని ఆస్తే కావచ్చు గాని, ఆ గడువులో అది మరొకరి గృహం. ఈ సంగతిని మన ఊళ్లలో చాలామంది ఇంటివారు ఇంకా అంగీకరించరు. తమ వద్దనున్న మారు తాళంతో తలుపు తీసి, మంచాలు లెక్కపెట్టి, డబ్బాలు తెరిచి చూసేవారున్నారు. అనుమానం ఎంత బలమైనదైనా ఈ పని తగదు.

ఇంతకంటే తగనివి ఇంకొన్ని ఉన్నాయి. నీళ్ల వాల్వు కట్టివేయడం, కరెంటు ఫ్యూజు పీకడం, వాళ్లు కాలేజీకి పోయినపుడు సామాను బయట పెట్టి కొత్త తాళం వేయడం. న్యాయస్థానాల వాయిదాలకు విసిగినవారు ఈ అడ్డదారిని ఎంచుకొంటారు. అద్దెదారు తప్పు చేసి ఉన్నా సరే, చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టబడినవాడు ఆరు నెలలలోగా దావా వేసి స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చునని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ విభాగం చెబుతున్నది. అక్కడ ఆస్తి ఎవరిదన్న ప్రశ్నే రాదు. ఎవరిని ఎట్లా తొలగించారన్నదే ప్రశ్న. న్యాయం తన వైపు ఉన్న యజమాని తొందరపాటు వల్ల ముద్దాయి స్థానంలో నిలబడడం ఈ విధంగానే జరుగుతుంది.

మరి ఆ ఉపాధ్యాయిని ఏమి చేయాలి? ముందు మేడ మెట్లెక్కి తలుపు తట్టి అడగాలి. కోపంగా కాదు, తేదీలతో: ఎవరెవరున్నారు, ఎప్పటినుంచి, ఎప్పటివరకు? చాలా సందర్భాలలో విషయం అక్కడే తేలిపోతుంది. తమ్ముడైతే అతని పేరునూ ఒప్పందంలో చేర్చి, నీళ్లకింద కొంత అదనంగా కోరవచ్చు. సమాధానం తప్పించుకొనే ధోరణిలో ఉంటే అడిగిన సంగతిని కాగితం మీద పెట్టాలి. తెలిసి కూడా నెలల తరబడి మౌనంగా అద్దె పుచ్చుకొంటూ ఉంటే, తరువాత న్యాయస్థానంలో అవతలిపక్షం వాదించే మొదటి మాట ‘ఆమెకు తెలుసు, ఒప్పుకొన్నది’ అనే. నగరాలలో పోలీసులు అద్దెదారుల వివరాలను స్టేషనులో ఇవ్వమని యజమానులను కోరుతుంటారు. చేర్చుకొన్న కొత్తవారి వివరాలు కూడా వారికి అందజేయడం ఆమెకే మేలు.

అయితే ‘ఎక్కువమంది ఉంటున్నారు’ అన్న ఫిర్యాదు కొన్నిచోట్ల మరొకదానికి ముసుగుగా ఉంటుందని ఒప్పుకోక తప్పదు. వచ్చిన స్నేహితుని కులమో, మతమో, వండుకొనే మాంసమో నచ్చనపుడు తల లెక్క గుర్తుకు వస్తుంది. ‘శాకాహారులకు మాత్రమే’ అన్న బోర్డు పెట్టిన గేటు దగ్గరే కొందరు విద్యార్థుల వెతుకులాట ఆగిపోతుంది. అటువంటివారే చివరకు తమ ఊరి స్నేహితుని గదిలో, పేరు రాయని ఐదవవాడుగా, మెట్లమీద ఇంటివారు కనిపిస్తే తల వంచుకొని వెళ్లేవాడుగా మిగిలిపోతారు. నీళ్లు చాలవన్న బాధ వేరు, ఈ బాధ వేరు. ఒకదాని పేరుతో మరొకదానిని నడిపించడం అన్యాయం.

ఈ వ్యవహారమంతటిలో అందరికంటే బలహీనుడు ఆ మూడవ మనిషే. యజమానికి ఇల్లుంది, అద్దెదారుకు ఒప్పందముంది; అతనికి ఈ రెండూ లేవు. అతడు నెలనెలా 4,000 రూపాయలు ఇస్తున్నా, ఆ సంగతి అతని ఫోనులోని చెల్లింపుల జాబితాలో తప్ప ఎక్కడా ఉండదు. అద్దెదారు ఆ డబ్బు తీసుకొని క్రింద అద్దె కట్టకపోతే బకాయిపడ్డ ఇంటిలో అతడూ ఉంటాడు. యజమాని దావా వేస్తే చట్టవిరుద్ధంగా చేరిన ఉప అద్దెదారును అందులో కక్షిదారుగా చేర్చవలసిన అవసరం కూడా లేదు. అద్దెదారుపై వచ్చిన డిక్రీ అతనికీ వర్తిస్తుందని 1964లో రూప్‌చంద్ గుప్తా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తన మాట వినిపించుకొనే వాయిదాయే లేకుండా ఒక ఉదయం అతడు సామాను సర్దుకోవలసి వస్తుంది.

అందువల్ల స్నేహితుడు “రా, మా రూములో చోటుంది” అని పిలిచినపుడు, వెళ్లే విద్యార్థి ముందుగా అడిగి చూడవలసినది ఆ అద్దె కాగితాన్ని. అందులో ఎందరి పేర్లున్నాయి, ఇతరులను చేర్చుకోవచ్చునని ఎక్కడైనా ఉన్నదా, అడ్వాన్సు ఎవరి పేర జమ అయింది అన్నవి చూసుకోవాలి. ఇచ్చే డబ్బును నగదుగా కాక, ఏ నెల వాటాయో రాసి బ్యాంకు ద్వారా పంపుకోవాలి. వీలైతే సామాను దించిన రోజే స్నేహితునితో కలిసి క్రిందికి వెళ్లి, “అమ్మా, నేను కూడా వీళ్లతో ఉండాలనుకొంటున్నాను, మీరు ఒప్పుకొంటే కాగితంలో నా పేరు రాయండి” అని ఇంటివారితో చెప్పుకోవాలి. ఆమె వద్దంటే మరొక గది వెతుక్కోవడానికి అప్పటికింకా జూన్ నెలే.